పేరు అనే మాట

వాన వెలిసిన పదకొండో రోజు
నాంపల్లి ఆఫీసు మూడో అంతస్తుల
నేనొక బటన్ రాసిన.
దాని మీద రెండే మాటలు: ఎక్సెల్‌ల దించు.
ఆకుపచ్చ రంగు వేసిన,
పచ్చగుంటె సార్లకు నచ్చుతదని.

మూసీ పొంటి ఇల్లిల్లు తిరిగి
సర్వే పిల్లలు ఫోన్లల్ల ఎక్కిచ్చిన పేర్లు
డేటాబేస్‌ల ఇంకా తడిగనే ఉన్నయి.
నీళ్లు ఎంత ఎత్తు వచ్చినయంటె
మోకాళ్ల దాక, నడుము దాక,
ఒకింటి కాడ 'దేవుని పటం దాక' అని రాసిండ్రు.
ఆ పటం ఎంత ఎత్తున ఉంటదో
ఏ కాలమ్‌కు తెల్వదు.

సూపరింటెండెంట్ వామన్‌రావు సారుకు
తెర మీది పేర్లు పేర్ల లెక్క కనపడవు.
"ఎక్సెల్ తియ్యమ్మా, అండ్ల ఉంటెనే ఫైలు కదుల్తది"
అంటడు, అద్దాలు నుదుటి మీదికి ఎక్కిచ్చుకుంట.
ఆయన కంప్యూటర్ల ఉన్నది ముసలి ఎక్సెల్.
కొత్తది కొనాలన్న ఫైలు గూడ
ఎక్కడో ఒక ఎక్సెల్‌లనే ఆగి ఉన్నది.

మొదటిసారి దించితే
తెలుగు పేర్లన్ని పిచ్చి గీతలైనయి,
సిరాల పడ్డ ఈగ కాగితం మీద నడిచినట్టు.
రెండోసారి
పన్నెండంకెల ఆధార్లు ఒళ్లు ముడుచుకొని
నడుమ ఒక ఇంగ్లీషు 'ఈ'ని ఇరికిచ్చుకున్నయి.
పదహారు డ్యాష్ తొమ్మిది డ్యాష్ ఇరవై ఒకటి,
చాదర్‌ఘాట్‌ల ఒకాయన ఇంటి నెంబరు.
ఎక్సెల్ దాన్ని తేదీ అనుకున్నది.
గోడలు, తలుపు, తడిసిన బియ్యం డబ్బాతో సహా
ఇల్లు పోయి సెప్టెంబరు నెలల కూసున్నది.
ఆ దినం ఆ ఇంట్ల ఏమైందో
అడగాలె అనిపిచ్చింది. అడగలే.

ఒక్కో కాలమ్‌ను పట్టుకొని
ఇది లెక్క కాదు, అక్షరమని నచ్చజెప్పిన.
మా తాత దొర గడీ ముంగట
చెప్పులు చేతిల పట్టుకొని నడిచెటోడట.
నేను గడులు గీసి జీతం తీసుకుంటున్న,
అదీ ఏజెన్సీ కోసుకోంగ మిగిలింది.

ఫైలు పోయింది. సంతకమైంది.

నాలుగు దినాలకు ఖుర్షీద్ బీ వచ్చింది,
శంకర్‌నగర్ నుంచి, షేర్ ఆటోల.
చేతిల పాలిథిన్ కవర్, అండ్ల కార్డు.
"మేరా నామ్ నై బోల్‌రే బేటీ."
తెర మీద వెతికిన. ఉన్నది.
నీళ్లు: కుట్టుమిషన్ దాక.
ఫైల్ల వెతికిన. లేదు.
కంట్రోల్ పట్టి కింది బాణం నొక్కిన.
అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై ఆరు.
పాత ఎక్సెల్‌కు ఆడనే నేల.
ఆ కింద మనిషిని పెట్టెతందుకు జాగ లేదు.

ఎర్ర అక్షరం రాలే, గంట మోగలే.
రెండు వందల పదమూడు మంది
మాట లేకుంట జారిపోయిండ్రు.
ఆమెకు చెప్పిన, తెలిసినంత ఉర్దూల.
"పానీ భీ ఐసాచ్ ఆయా," అన్నది,
సప్పుడే లేకుంట.

మళ్ల లెక్కబెట్టిన.
ఆమె సరిగ్గ అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై ఆరో మనిషి.
పట్టాలె గదా?
పైకి పోయి చూస్తే
మొదటి వరుసల, లావు అక్షరాలల్ల,
పసుపు రంగు పూసుకొని
'పేరు' అనే మాట కూసోనున్నది.
దాన్ని ఆడ కూసోబెట్టింది నేనే.

సాయంత్రం రెండు షీట్లు చేసిన.
"రెండో షీట్ ఎవడు తెరుస్తడమ్మా," అన్నడు సారు.
నిజమే అనుకొని
రెండు వందల పదమూడు మందిని ముందలికి తెచ్చిన,
సంతకమైనోళ్లను వెనుకకు పంపిన.
తలకట్టు తీసేసిన.

"ఏ కాలమ్ ఏందో రాయలేదేంది?"
చదువుండ్రి సార్, తెలుస్తది.

ఖుర్షీద్ బీ. పదహారు డ్యాష్ తొమ్మిది డ్యాష్... కుట్టుమిషన్ దాక.

కొంచెం సేపు ఫ్యాన్ తిరిగిన సప్పుడే.
సారు నుదుటి మీది అద్దాలను
కండ్ల మీదికి దించుకున్నడు.